హాకీ తెలియని లోర్నా

లోర్నా పావ్లుక్ ముప్ఫై ఒక్క ఏళ్ళు కెనడాలో ఒక మంచు హాకీ స్టేడియంలో ఉద్యోగం చేసి, ఒక్క ఆట కూడా చూడని మనిషి. ఎవరూ వద్దనలేదు. ఆవిడకే అక్కర్లేకపోయింది. "సస్కటూన్‌లో ఆరు నెలలు బయట ఉన్న మంచు చాల్లేదా, లోపలికొచ్చి ఇంకాస్త చూడాలా?" అనేది.

ఆవిడ పని ఆటగాళ్ళ జెర్సీల మీద పేర్లు కుట్టడం. మా జట్టు పేరు కొంగలు. కొంగల తరఫున ఆడిన ప్రతివాడి వీపు మీదా పేరు కుట్టింది ఆవిడే. అందుకే వాళ్ళ ముఖాలు ఆవిడకు గుర్తుండేవి కావు, వీపులే గుర్తుండేవి. ఒకసారి కూరగాయల దుకాణంలో మా గోల్‌కీపరు ఎదురుపడి పలకరిస్తే ఎవరో అనుకుని తప్పుకుంది. అతను చిన్నబుచ్చుకుని వెనక్కి తిరిగేసరికి, "అయ్యో, నువ్వా నాయనా! ఎడమ భుజం కాస్త దిగిందే!" అని ఆపి మరీ క్షేమం అడిగింది.

నేను టికెట్ల కిటికీ దగ్గర పనిచేస్తాను. నా పేరు గార్త్. రోజూ పదింటికి మెట్ల కింద ఉన్న లోర్నా కుట్టు గదికి వెళ్ళి టీ తాగడం నాకు పద్దెనిమిదేళ్ళ అలవాటు. కాబట్టి ఇదంతా నేను కళ్ళారా చూసిందే.

ఆ ఏడాది సెప్టెంబరులో రెండు సంగతులు జరిగాయి. ఒకటి, కోల్బీ వాన్‌డెర్‌స్టీన్‌హోవెన్ అనే పంతొమ్మిదేళ్ళ కుర్రవాడు మా జట్టులో చేరాడు. పక్క రాష్ట్రం మానిటోబాలో పాడిపశువుల పెంపకం చేసే కుటుంబం. మంచు మీదికి దిగితే మెరుపు, బయటికొస్తే బెల్లం కొట్టిన రాయి. రెండోది, బ్రయనీ అనే అమ్మాయి టొరంటో నుంచి మా ప్రచార విభాగానికి అధికారిగా వచ్చింది. ఎనిమిది వేల కుర్చీల్లో ఐదు వేలు ఖాళీగా ఉంటున్నాయని, వాటిని నింపమని జట్టు యజమాని ఆమెను తెచ్చుకున్నాడు.

బ్రయనీ మొదటి రోజే మమ్మల్నందరినీ కూర్చోబెట్టి చెప్పింది. "ఆట తెలిసినవాళ్ళు ఎలాగూ వస్తారు. గాలివాన వచ్చినా వస్తారు. మనకి కావాల్సింది ఆట తెలియనివాళ్ళు. వాళ్ళు గోల్స్ చూడ్డానికి రారు, మనిషిని చూడ్డానికి వస్తారు. మనకి మనిషి దొరికాడు, కోల్బీ. వాణ్ణి ఊరందరికీ ఇంటి పిల్లాణ్ణి చేసెయ్యాలి."

ఆ ఇంటి పిల్లాడు వెనక వరసలో కూర్చుని బూట్ల వైపు చూసుకుంటున్నాడు.

మొదట పేరుతోనే చిక్కు వచ్చింది. ఇంగ్లిషులో ఆ పేరుకు పదహారు అక్షరాలు. కుడితే ఈ చంక నుంచి ఆ చంక దాకా వస్తుంది. ఇంత పేరు ఎవరికీ నోరు తిరగదని, "వాండీ" అని కుట్టమని బ్రయనీ కాగితం రాసి పంపింది. లోర్నా ఆ కాగితాన్ని సూదుల దిండుకు గుచ్చి, కొలతలకు వచ్చిన కుర్రవాణ్ణే అడిగింది.

"నీ పేరు వాండీయా?"

"కాదండీ."

"మరి వాండీ అని కుట్టమంటున్నారే?"

కోల్బీ సంగతి చెప్పాడు. "మా నాన్నకి కళ్ళు సరిగ్గా ఆనవండీ. టీవీలో ముఖాలు పోల్చుకోలేడు. పొడుగు పేరు ఎక్కడుంటే అది నేనేనని చూసుకుంటాడు."

లోర్నా పదహారు అక్షరాలూ కుట్టేసింది. బ్రయనీ వచ్చి అడిగితే, "పొట్టి పేరు కావాలంటే పొట్టి పేరున్నవాణ్ణి తెచ్చుకోవాల్సింది అమ్మాయ్" అని, టీ పోసి ఇచ్చింది. బ్రయనీ ఆ టీ తాగుతూ మాటల్లో లోర్నా ఒక్క ఆటైనా చూడలేదని తెలుసుకుంది. ఆమె కళ్ళు వెలిగిపోయాయి. ఆట తెలియని జనం ఎలా ఉంటారా అని ఊరంతా వెతుకుతుంటే, అలాంటి మనిషి మెట్ల కిందే దొరికింది.

అప్పటి నుంచి ఏ ప్రకటన తయారైనా ముందు లోర్నాకు చూపించడం మొదలుపెట్టింది. అక్టోబరులో పెద్ద పోస్టరు తెచ్చింది. కోల్బీ చుట్టూ మంటలు, చేతిలో హాకీ కర్ర, పళ్ళు బిగించి గుర్రుగా చూస్తున్నాడు.

"ఇది చూస్తే మీకు ఏమనిపిస్తోంది లోర్నా?"

"పాపం, ఎన్నాళ్ళ నుంచి విరేచనం కాలేదో అనిపిస్తోంది."

నాకు టీ ముక్కులోకి పోయింది. బ్రయనీ పోస్టరు చుట్టుకుని వెళ్ళిపోయింది.

నవంబరులో కుక్కపిల్ల వచ్చింది. కుక్కపిల్లను చూసి కరగనివాళ్ళు ఉండరని బ్రయనీ లెక్క. కోల్బీ ఒళ్ళో దాన్ని కూర్చోబెట్టి వీడియో తీయించింది. తీరా కుర్రవాడికి కుక్కల బొచ్చు పడదు. ఆ మాట చెబితే ఎవరేమనుకుంటారోనని చెప్పలేదు. మూడు నిమిషాల్లో కళ్ళు రెండూ పూరీల్లా పొంగాయి. పదకొండు తుమ్ములు తుమ్మాడు. పదకొండో తుమ్ముకు కుక్కపిల్ల బెదిరి పారిపోయి, మంచు తుడిచే యంత్రం కింద దూరింది. దాన్ని బయటికి రప్పించడానికి గంటన్నర పట్టింది. ఆ రాత్రి ఆటలో కోల్బీ సగం మూసుకుపోయిన కళ్ళతోనే రెండు గోల్స్ కొట్టాడు. అది మాత్రం ఎవరూ వీడియో తీయలేదు.

ఆ తరువాత ముఖాముఖి పెట్టారు. ఇష్టమైన తిండి ఏమిటని అడిగితే, "జట్టంతా కష్టపడాలండీ" అన్నాడు. చిన్నప్పటి సంగతి ఒకటి చెప్పమంటే, "ఏ ఆటకి ఆ ఆటే చూసుకోవాలండీ" అన్నాడు. బ్రయనీ తల పట్టుకుంది.

కానీ ఆ కుర్రవాడే లోర్నా గదిలో గలగలా మాట్లాడేవాడు. అక్కడ కెమెరా లేదు, కోచ్ లేడు. సాధన అయ్యాక వచ్చి, ఆవిడ చేసిన పెరోగీలనే బంగాళాదుంప కజ్జికాయలను పుల్లటి మీగడలో ముంచుకు తింటూ, వెళ్ళిపోయిన ఆటగాళ్ళ జెర్సీల నుంచి పాత పేర్ల కుట్లు ఊడదీసి పెట్టేవాడు. తమ ఆవులన్నిటికీ ఉన్న పేర్లు చెప్పేవాడు. లోర్నా ఏవేవో అడుగుతూ ఉండేది. ఒకరోజు నేనూ ఉండగా అడిగింది.

"అవునురా, నిన్న పైన ఏదో దడాలుమంది. నువ్వేనట, ఎవణ్ణో గోడకేసి గుద్దావట. వాడు నిన్నేమన్నాడు?"

"ఏమీ అనలేదండీ."

"ఏమీ అనకుండానే గుద్దావా?"

"వాడి దగ్గర పక్ ఉందండీ. ఆ రబ్బరు బిళ్ళ మాకు కావాలి."

"అడిగావా?"

"ఏంటండీ?"

"ఇమ్మని అడిగావా అంటున్నా. నోరుంది కదా!"

కోల్బీ పొట్ట పట్టుకుని నవ్వాడు. గుమ్మంలో బ్రయనీ నిలబడి ఉంది. ఏదో కాగితం ఇవ్వడానికి వచ్చి, అది చేతిలోనే నలిపేసి, "ఇదే... ఇదే కావాలి నాకు" అని గొణుగుతోంది.

ఆ కబుర్లు వీడియో తీస్తానంటే లోర్నా ఒప్పుకోలేదు. "వాడు ఇక్కడికి వచ్చేది మీ నుంచి తప్పించుకోడానికి. ఇక్కడ కూడా కెమెరా పెడితే వాడు ఎక్కడికి పోవాలి?" అంది. చివరికి కోల్బీయే నెమ్మదిగా అన్నాడు. "మీరు పక్కనుంటే నాకేం ఇబ్బంది లేదండీ. ఆ కుక్కపిల్లకంటే నయం."

అలా డిసెంబరులో "హాకీ తెలియని లోర్నా" మొదలైంది. వారానికొక వీడియో, రెండు నిమిషాలు. ఆవిడ కుడుతూ అడుగుతుంది, అతను కుట్లు ఊడదీస్తూ చెబుతాడు. అంతే. రెండో వారం ఆఫ్‌సైడ్ అనే తప్పు గురించి వచ్చింది. కోల్బీ నీలం గీత ఎక్కడుంటుందో, పక్ కంటే ముందు మనిషి ఆ గీత ఎందుకు దాటకూడదో చెమటలు కక్కుతూ వివరించాడు.

లోర్నా దారం కొరికి అంది. "ఇంతేనా? చర్చి హాల్లో తలా ఒక వంటకం తెచ్చుకునే భోజనాలున్నాయి చూడు. ముందు గిన్నె గుమ్మం దాటాలి, తర్వాత మనిషి దాటాలి. ఉత్త చేతుల్తో లోపలికి పోయి కూర్చుంటే మర్యాద కాదు."

ఆ ఒక్క మాట ఊరు ఊరంతా పాకింది. నలభై ఏళ్ళుగా మొగుడి పక్కన కూర్చుని ఆఫ్‌సైడ్ అర్థం కాని ఆడవాళ్ళు నా కిటికీ దగ్గరికి వచ్చి, "ఆ గిన్నె అబ్బాయి ఆడేది ఏ రోజు?" అని అడిగేవాళ్ళు. క్రిస్మస్ నాటికి కుర్చీలు సగం నిండాయి, జనవరికి ముప్పాతిక. ఎవరైనా ఆఫ్‌సైడ్ అయితే చాలు, జనమంతా ఒక్క గొంతుతో "గిన్నె ఏది?" అని అరిచేవాళ్ళు. రిఫరీలు బిక్కమొహం వేసేవాళ్ళు. పాత అభిమానులు కొందరు ఆట పరువు పోయిందని నా కిటికీ ముందు గొణిగి, గొణిగాక టికెట్టు తీసుకునేవాళ్ళు.

జనవరి మూడో వారం బ్రయనీ పెద్ద ఎత్తు వేసింది. లోర్నా జీవితంలో మొదటిసారి ఆట చూడబోతోందని ప్రకటించింది. ఎనిమిది వేల టికెట్లూ మధ్యాహ్నానికే అయిపోయాయి. బయట సున్నాకు ముప్ఫై మూడు డిగ్రీలు కిందికి పోయినా జనం వరస కట్టారు. లోర్నాను మొదటి వరసలో, అద్దం వెనకాల కూర్చోబెట్టారు. ఆవిడ ముఖం మీదే ఒక కెమెరా. పైనున్న పెద్ద తెర నిండా ఆవిడే. నేను ఆ పూట కిటికీ మూసేసి ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆట మొదలైన పది నిమిషాలకు ప్రత్యర్థి జట్టువాడు ఒకడు మెలికలు తిరుగుతూ వచ్చి మా మీద గోల్ కొట్టాడు. స్టేడియం శ్మశానమైంది. గోల్ కొట్టినవాడు వెనక్కి తిరిగాడు. వీపు మీద తొర్వాల్డ్‌సన్ అని ఉంది.

లోర్నా దిగ్గున లేచి నిలబడి, రెండు చేతులూ ఎత్తి చప్పట్లు కొట్టింది. "మన తొర్వాల్డ్‌సన్! గార్త్, మన తొర్వాల్డ్‌సనే! ఎంత ఎదిగాడో చూడు!"

ఆరేళ్ళ కిందట అతను కొంగల్లో రెండు సీజన్లు ఆడాడు. ఆ సంగతి ఆవిడకు గుర్తుంది. ఇప్పుడు అతను శత్రువన్నది మాత్రం తట్టలేదు.

"కూర్చో లోర్నా. వాడు అవతలి జట్టు."

"అయితే? ఆ పేరు మొదట కుట్టింది నేను!"

ఎనిమిది వేల మంది తెర మీద చూస్తున్నారు. మా కోచ్ చేతిలోని పలకను నేలకేసి కొట్టాడు. మెట్ల దగ్గర బ్రయనీ రెండు చేతులతో నోరు మూసుకుని కుడితిలో పడ్డ ఎలుకలా నిలబడింది. మంచు మీద తొర్వాల్డ్‌సన్ తెర వైపు చూసి, అద్దం దాకా జారుకుంటూ వచ్చి, శిరస్త్రాణం తీసి ఆవిడకు వంగి దండం పెట్టాడు. అతని వెనకే కోల్బీ కూడా వచ్చాడు. ఇద్దరూ అద్దం అవతల భుజాలు రాసుకుంటూ, ఆవిడ ఎవరి మనిషో తేల్చుకోవడానికి వాదులాడుకుంటున్నట్టు కనిపించారు. అప్పుడు ఎవరో నవ్వారు. ఆ నవ్వు వరస వరసకూ అంటుకుని, పైకప్పు దాకా ఎగసింది. ఆ ఆట మేము మూడు ఒకటితో ఓడిపోయాం. జనం మాత్రం పెళ్ళి భోజనం తిన్నట్టు తృప్తిగా ఇళ్ళకు పోయారు.

ఇంతా చేసి, లోర్నాకు ఆ రోజు ఒక జబ్బు అంటుకుంది. మరుసటి ఆటకు ఎవరూ పిలవకుండానే వచ్చింది. దాని తరువాతి ఆటకు చిన్న నోటు పుస్తకం తెచ్చుకుంది. ఫిబ్రవరిలో వీడియో తీస్తుంటే కోల్బీని ఆవులు ఎలా ఉన్నాయని అడగాల్సింది పోయి, ఇలా అడిగింది.

"అవతలి వాళ్ళు ఒక మనిషి తక్కువగా ఉన్నప్పుడు నువ్వు ఎడమ మూల వదిలేసి మధ్యకెందుకు వస్తున్నావ్?"

"కోచ్ చెప్పారండీ."

"కోచ్‌కి చెప్పు, మన కుడివైపు డిఫెన్స్ వాడు నెమ్మదిగా తిరుగుతున్నాడు. వాడి జెర్సీ కుడి చంక కింద కుట్టు మూడుసార్లు తెగింది. వాడు ఒక పక్కకే వాలుతున్నాడు."

కోల్బీ చేతిలో కుట్లు ఊడదీసే కత్తి ఆగిపోయింది. వెళ్ళి కోచ్‌తో చెప్పాడు. పరీక్షిస్తే ఆ డిఫెన్స్ ఆటగాడికి తుంటి నొప్పి ఉంది, దాచిపెట్టాడు. వాడికి రెండు వారాలు విశ్రాంతి ఇచ్చారు. కొంగలు వరసగా ఐదు ఆటలు గెలిచాయి. ఇక వీడియో చూసేవాళ్ళలో ఆట తెలిసినవాళ్ళు లోర్నాను నెత్తిన పెట్టుకున్నారు. తెలియనివాళ్ళు మాత్రం, "ఆవిడ కూడా మా ఆయనలాగే మాట్లాడుతోంది" అని చూడ్డం మానేశారు.

బ్రయనీ నా ఎదుటే ఆవిడతో మొత్తుకుంది. "మీరు చెడిపోయారు లోర్నా! మీకు ఏమీ తెలియకపోవడమే మన ఆస్తి. కాస్త తెలియనట్టు నటించకూడదూ?"

"అరవై ఎనిమిదేళ్ళొచ్చాక తెలియనట్టు నటిస్తే, నిజంగానే మతి పోయిందనుకుంటారు అమ్మాయ్."

లోర్నా వీడియోలు మార్చిలో ఆగిపోయాయి. బ్రయనీ ఇప్పుడు కోల్బీ వాళ్ళ నాన్నను పట్టుకుంది. ఆయన టీవీలో పొడుగు పేరు ఏది కనిపించినా, కొడుకనుకుని ఇంకెవరినో మెచ్చుకుంటుంటాడు. జనానికి అదీ నచ్చింది. కోల్బీ ఆ సీజన్లో ముప్ఫై నాలుగు గోల్స్ కొట్టాడు. విలేకరులు ఎలా కొట్టావని అడిగితే, జట్టంతా కష్టపడిందని చెప్పాడు.

ఏప్రిల్లో మంచు కరిగి రోడ్లన్నీ బురదగా ఉన్న ఒక ఉదయం, లోర్నా టీ వేళకు నా కిటికీకే వచ్చింది. వచ్చే ఏడాదికి సీజన్ టికెట్టు కావాలంది. రిఫరీలు విశ్రాంతికి లోపలికి వెళ్ళే దారి పక్క కుర్చీయే కావాలంది.

"ఉద్యోగివి కదా, నీకు ఊరికే వస్తుంది. కొనడమెందుకు?" అన్నాను.

"ఊరికే కూర్చుని రిఫరీని తిడితే బాగుండదు గార్త్," అని సంచీలోంచి డబ్బు తీసింది. "కొన్న టికెట్టయితే మొహమాటం ఉండదు."