లేని జ్వరానికి మొక్కు

బస్సు డ్రైవర్ ఇంజన్ ఆపి, తాళంచెవి తీసి జేబులో వేసుకున్నాడు. అప్పుడు నాకు భయం పట్టుకుంది. ముందు రోడ్డు మీద పొయ్యిలు కనబడినా, పది నిమిషాల్లో కదులుతామనే అనుకున్నాను. తాళం జేబులోకి పోయిందంటే ఇక సాయంత్రం దాకా అంతే.

కోరుట్ల నుంచి జగిత్యాలకు టీచరు పోస్టు పరీక్ష రాయడానికి బయలుదేరాను. తెలంగాణ రాష్ట్రం కోసం ఊళ్లవాళ్లు రోడ్డు మీదే వంటావార్పు పెట్టి బండ్లన్నీ ఆపేశారు. పరీక్ష గేటు మూయడానికి గంట కూడా లేదు. సిరిసిల్లలో మగ్గం నడిపి నన్ను డిగ్రీ చదివించిన నాన్న గుర్తొచ్చాడు. ఆరేళ్లుగా ప్రైవేటు బడిలో చెబుతున్నాను. ఇది తప్పితే మళ్లీ ఎప్పుడు పరీక్ష పెడతారో.

దిగి నడిచాను. అన్నం వండుతున్న ఒక ముసలవ్వ గరిటె అడ్డం పెట్టింది.

“ఎటు బిడ్డా, గంత ఉరుకుడు? కూసో, ఇంత బువ్వ తిని పో.”

పరీక్ష అంటే పోనివ్వరేమో అనిపించింది. రోగమంటే ఎవరికైనా దారి ఇస్తారు.

“నా కొడుకు జగిత్యాల దవఖానల ఉన్నడవ్వా. బాగ జొరం.”

“అయ్యో! ఎవలన్న బండి తియ్యుండ్రి!” అని అరిచి, అవ్వ కొండగట్టు ఆంజనేయుడి దిక్కు తిరిగి చేతులు జోడించింది. “అంజన్నా, పిలగాడు లేసి ఆడాలె. నీ గుట్టెక్కి కొబ్బరికాయ కొడ్త.”

నా కొడుకు కోరుట్లలో మా అత్తమ్మ దగ్గర వాళ్లక్కతో ఆడుకుంటున్నాడు.

ఒక పెద్దాయన స్కూటర్ మీద దవాఖాన దాకా తెచ్చి, “ఏ వార్డు? నేను గూడ వస్త” అన్నాడు. ఇక దాచలేక నిజం చెప్పేశాను.

“కన్న కొడుక్కు జొరం అంటగట్టి పరీక్షకు వోతున్నవా?” ఆయన మొహం గట్టిపడింది. స్కూటర్ వెనక్కి తిప్పాడు. “గా పరీక్ష ముచ్చటే చెప్తే ఇడువకపోతుంటిమా? ఎవల కొలువుల కోసం ఎండల కూసున్నమమ్మా? ఎక్కు. అవ్వకు మాత్రం నువ్వే చెప్పుకో.”

గేటు మూస్తుండగా లోపలికి ఉరికాను. అన్నీ తెలిసిన ప్రశ్నలే వచ్చాయి. బాగా రాశాను కూడా. ఆ సంతోషమే రాలేదు.

తిరిగొస్తూ వంటావార్పు పెట్టినచోట దిగి చూస్తే రాళ్లూ బూడిదా మిగిలాయి. ఆ రాత్రి కొడుకు నుదురు ఎన్నిసార్లు తాకి చూశానో. అబద్ధమాడిన పిల్లలను బెంచీ ఎక్కించే టీచరమ్మను నేను. ఉద్యోగం వస్తే ఎదిగినట్టేనని ఇన్నేళ్లూ అనుకున్నాను.

తెల్లారి పిల్లలిద్దరినీ దగ్గర కూర్చోబెట్టుకున్నాను.

“నిన్న అమ్మ అబద్ధమాడింది. మంచిగున్న తమ్మునికి జొరమని చెప్పిన. ఒక అవ్వ నిజమనుకొని మొక్కింది. ఇయ్యాల గా అవ్వను ఎతుకుదాం. దొరికినంక నేనే నిజం చెప్త, మీరు పక్కన నిలబడుండ్రి. తిడితే తిట్టనియ్యుండ్రి. గా తర్వాత అందరం కలిసి కొండగట్టు పోయి గా మొక్కు తీర్చుదాం.”