పెరిగే పిల్ల కొలతలు

మా వీధిలో అందరూ ఆవిడని కోట్లక్క అంటారు. కోట్లున్నాయి కదా అని అప్పు అడగడానికి వచ్చేరు, ఆవిడ దగ్గరున్నవి లాయర్ల నల్లకోట్లు. కోర్టు గోడ మలుపు తిరగ్గానే ఒకే గదిని మధ్యలో చెక్క అడ్డుపెట్టి రెండు కొట్లు చేశారు. ఒక సగంలో నేను అర్జీలు టైపు చేస్తాను, రెండో సగంలో ఆవిడ కోట్లు కుడుతుంది. ఆవిడ మిషను చప్పుడు ఆగితే నేను, నా టైపు చప్పుడు ఆగితే ఆవిడ చెక్క మీద కొట్టి "ఏమైంది?" అని అడుగుతాం. ఆవిడ నన్ను టైపక్కా అంటుంది, నేను ఆవిడని కోట్లక్కా అంటాను. ఎవరు పెద్దో ఇద్దరం ఇంతవరకూ తేల్చుకోలేదు, తేల్చుకునే ఉద్దేశమూ లేదు.

లాయర్లంటే నాకు పెద్ద గౌరవం లేదు. ఇన్నేళ్ళుగా వాళ్ళ అబద్ధాలని అక్షరదోషాలు లేకుండా కొట్టిపెడుతున్నదాన్ని, నాకు తెలీదా? కోట్లక్క మాత్రం వాళ్ళని దేవుళ్ళలా చూసేది. "చేతులు పైకెత్తండి బాబూ, ఇటు తిరగండి, ఊపిరి వదలండి" అంటూ ఎంతో మర్యాదగా కొలతలు తీసుకునేది. ఎంత పెద్ద లాయరైనా ఆ కొట్లోకి వస్తే చేతులెత్తి నిలబడాల్సిందే. అలాంటి మనిషికి తన గొడవ ఒక్క లాయరుతో చెప్పుకోవడానికి నోరు రాలేదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు. నల్లకోటు వాళ్ళు పెడతారా?

ఆ గొడవ పేరు చిట్టి.

కోట్లక్క చెల్లెలు పిల్లని కన్న కొన్నాళ్ళకే జబ్బుచేసి పోయింది. చెల్లెలి మొగుడు లారీ డ్రైవరు, నెలకి సగం రోజులు రోడ్డు మీదే. పొత్తిళ్ళలో పిల్లని తెచ్చి "వదినా, నువ్వే దిక్కు" అని ఈవిడ చేతుల్లో పెట్టాడు. కోట్లక్కకి పెళ్ళీ పెటాకులూ లేవు. మిషనే మొగుడు, కత్తెరే అత్తగారు అని తనే నవ్వేది. చిట్టి ఆ కొట్లోనే, గుడ్డ కత్తిరించే బల్ల కింద, నల్ల ముక్కల పక్క మీద పెరిగింది. అంకెలు నేర్చుకున్నది కొలత టేపు చూసే. లాయర్ల వెనకాల తనూ వరసలో నిలబడి, చేతులు పైకెత్తి, "నాకూ తియ్యి పెద్దమ్మా" అనేది. బడులు తెరిచే రోజుల్లో కోట్లక్క వీధిలో పిల్లల బట్టలు కూడా కుట్టేది. ప్రతి తల్లికీ ఒకటే మాట, "కాస్త లూజు పెట్టానమ్మా, లోపల మడత కూడా వదిలాను, పెరిగే పిల్ల కదా." ఆ మాటని చిట్టి చిలకలా పట్టేసి, వచ్చిన పెద్దపెద్ద లాయర్లకి కూడా చెప్పేది, "లూజు పెట్టించుకోండి, పెరుగుతారు" అని. వాళ్ళు పొట్ట నిమురుకుని నవ్వేవాళ్ళు. ఆ రోజుల్లో మా కొట్లు కళకళలాడేవి.

చిట్టికి ఐదు దాటాక తండ్రికి ఒకచోట కుదురైన ఉద్యోగం దొరికింది, మళ్ళీ పెళ్ళి చేసుకున్నాడు, పిల్లని తీసుకెళ్తానన్నాడు. తప్పేముంది, కన్నతండ్రి. "సెలవులకి పంపిస్తాను వదినా" అన్నాడు. సెలవులొచ్చాయి, పోయాయి. ఆయన ఫోను నంబరు మారింది. కోట్లక్క వెతుక్కుంటూ ఆ ఇంటికి వెళ్తే, కొత్త భార్య గేటు దగ్గరే నిలబడి, మంచి మాటలతోనే చెప్పిందట, "పాప ఇప్పుడిప్పుడే నన్ను అమ్మా అంటోందండీ. మిమ్మల్ని చూస్తే మళ్ళీ మొదటికొస్తుంది. కొన్నాళ్ళు రాకండి." తిట్టి పంపినా బాగుండేది, తిరిగి తిట్టి కడుపుమంట చల్లార్చుకునేది. మంచిగా చెప్పినదానికి ఏమంటుంది? తిరిగొచ్చి మిషను ముందు కూర్చుంది.

ఆ తర్వాత ఏడాదికోసారి, చిట్టి పుట్టిన నెలలో, ఒక గౌను కుట్టేది. కుట్టి, ఇస్త్రీ చేసి, నల్లకోట్ల మధ్యలో తగిలించేది. అన్ని నల్లకోట్ల మధ్యలో ఆ రంగు గౌన్లు దూరం నుంచే కనిపించేవి. ఎవరైనా కొంటామంటే "అమ్మేవి కావండీ" అనేది.

కోర్టు వెనకాల విరిగిన కుర్చీలు పడేసే గదిని ఖాళీ చేసి "ఉచిత న్యాయ సహాయం" అని బోర్డు పెట్టినప్పుడు ముందు నవ్వింది నేనే. లాయరూ ఉచితమూ ఒక వాక్యంలో ఇముడుతాయా? శనివారాల్లో కొందరు లాయర్లు డబ్బు తీసుకోకుండా అక్కడ కూర్చుంటారట. వాళ్ళలో ఒక సన్నటి అమ్మాయి, వారమంతా వేరేచోట పనిచేసి శనివారం ఇక్కడికొచ్చేది. మేం శనివారం లాయరమ్మ అనేవాళ్ళం. ఒకరోజు కోటు జేబు చిరిగిందని కుట్టించుకోవడానికొచ్చి, ఆ గౌన్లు చూసి, "ఇవెవరివండీ?" అంది.

"ఊరికే" అంది కోట్లక్క.

చెక్కకి ఇవతల నుంచి నాకు ఒళ్ళు మండింది. "ఊరికేనట! కాళ్ళ దగ్గరికి వచ్చిన లాయరుతో కూడా చెప్పుకోవేం? ఆవిడ చెప్పదు గానీ నేను చెప్తానమ్మా, వినండి" అని లేచి వెళ్ళి మొత్తం కక్కేశాను.

లాయరమ్మ విని, కుర్చీ లాక్కుని కూర్చుంది. చెప్పొద్దూ, లాయరు అంతసేపు నోరుమూసుకుని వినడం నేను చూడ్డం అదే మొదలు.

"నేను కన్నతల్లిని కాదు కదమ్మా, నాకేం హక్కుంటుంది?" అంది కోట్లక్క.

"పాపని నాకిచ్చెయ్యండి అంటే కష్టం. చూడనివ్వండి అని అడుగుదాం. అదీ మీ హక్కు అని కాదు. పెంచిన మనిషిని చూసుకోవడం పాపకి మంచిది అని అడుగుదాం. జడ్జిగారు కాదనొచ్చు కూడా. ముందే చెప్తున్నాను."

"పాప ఎంత ఉంటుంది?" అని అడిగింది తర్వాత. కోట్లక్క లేచి నిలబడి అరచెయ్యి తన నడుము దగ్గర పెట్టి చూపించింది. "ఇంత."

తర్వాత ఆ అర్జీ టైపు చేసింది నేనే, అందులో వయసు కూడా నేనే కొట్టాను. ఎనిమిదేళ్ళు. ఎనిమిదేళ్ళ పిల్ల నడుము దాకానే ఎలా ఉంటుందని అప్పుడు నాకూ తట్టలేదు.

ఊరికే చేయించుకోవడం కోట్లక్కకి మింగుడుపడలేదు. కొత్త కోటు కుట్టి ఇస్తానంది. "ఏమీ తీసుకోకూడదండీ, మా నియమం" అంది లాయరమ్మ. చిరిగిన జేబు కుట్టడానికి ఒప్పుకున్న కోటు చేతికొచ్చేసరికి లోపలి అస్తరు మొత్తం కొత్తది పడి ఉంది. లాయరమ్మ వేసుకుని, తడుముకుని చూసి, "ఇదేం పనండీ!" అంది. "జేబు చిరుగు లోపలి దాకా పోయిందమ్మా" అంది కోట్లక్క, కళ్ళెత్తకుండా. అబద్ధమాడ్డం కూడా సరిగ్గా రాదు మనిషికి.

వాయిదాలు మొదలయ్యాయి. అవతలి పక్షానికి మీసాల లాయరు. ఆయన కోట్లన్నీ కుట్టేది కూడా ఈవిడే! వాయిదా ముందురోజే కోటు బిగుతైందని తెచ్చిచ్చాడు. "ఒక చెయ్యి పొట్టిగా కుట్టిపారెయ్, చెయ్యి ఎత్తి వాదించలేక చస్తాడు" అన్నాను. కోట్లక్క నన్ను పాపిష్టిదాన్ని చూసినట్టు చూసింది. మర్నాడు ఆయన ఆ కోటేసుకునే, చేతులు హాయిగా ఊపుతూ, "ఈమెకి పాపతో ఏ సంబంధమూ లేదు" అని వాదించాడు. భుజాల దగ్గర ముడత లేదు, ఎక్కడా పట్టెయ్యలేదు. కుట్టు మాత్రం అద్భుతంగా ఉంది, ఏం చేస్తాం!

చివరికి జడ్జిగారు కోట్లక్కనే అడిగారు, "పాపకి మీ అవసరం ఏమిటమ్మా?" అని. లాయరమ్మ ఎంతో నేర్పించింది. ఈవిడ అన్నీ మర్చిపోయింది. చీర చెంగు వేళ్ళకి చుట్టుకుంటూ తనకొచ్చిన మాటే చెప్పింది.

"దానికి వాళ్ళమ్మ తెలీదండీ. దాని నవ్వు వాళ్ళమ్మ నవ్వే. అది దానికి చెప్పడానికి నేనొక్కదాన్నే ఉన్నానండీ."

అంతే. మరిది తల దించుకున్నాడు. చెడ్డవాడు కాదు, చచ్చిపోయిన భార్యని తలుచుకోవడానికి భయపడేవాడు. నెలకొక శనివారం, ఒక గంట, కోర్టులోనే పిల్లల గదిలో చూడొచ్చన్నారు జడ్జిగారు. పాప తీరు చూసి తర్వాత సంగతి తర్వాత అన్నారు. నేను ఎగిరి గంతేశాను. "ఇల్లలకగానే పండగ కాదండీ" అంది లాయరమ్మ, తనూ కళ్ళు తుడుచుకుంటూనే.

ఆ వారమంతా లాయర్ల కోట్లు పక్కన పడ్డాయి. కోట్లక్క పసుపుపచ్చ గుడ్డ మీద చిన్న చిన్న తెల్లపూలున్నది ఏరి తెచ్చి గౌను కుట్టింది. మెడ చుట్టూ కుచ్చులు, వెనకాల గుండీలు. శనివారం పొద్దున్న దాన్ని మడతపెట్టి సంచిలో పెడుతుంటే చూశాను. అప్పుడు తట్టింది నాకు. అది ఐదేళ్ళ పిల్ల గౌను. తగిలించిన పాత గౌన్ల వైపు చూశాను. మూడూ ఒకటే సైజు. వీధిలో పిల్లలందరికీ లూజు పెట్టి, లోపల మడత వదిలి కుట్టే మనిషి, తన పిల్ల ఒక్క అంగుళం పెరగడానికి కూడా చోటు వదల్లేదు. ఊళ్ళో అందరి మీదా పడే నా నోరు ఆ పొద్దున పెగల్లేదు.

పిల్లల గదిలో గోడ మీద పెచ్చులూడిన కుందేలు బొమ్మ, ఒక పెట్టెనిండా చక్రాలూడిన కార్లు, మూల బల్ల దగ్గర ఒక ఉద్యోగిని. తోడుగా ఒకరు ఉండొచ్చంటే నేను లోపలికెళ్ళాను. లాయరమ్మ బయట వరండాలో ఉండిపోయింది. తలుపు తెరుచుకుంది.

చిట్టి కోట్లక్క భుజం దాకా వచ్చింది.

కోట్లక్క చేతిలో సంచి దానంతటదే వెనక్కి పోయింది. పిల్ల రెండు జడలూ ముందుకేసుకుని, నీళ్ళ సీసా రెండు చేతులతో పట్టుకుని, నేల చూస్తూ "నమస్తే ఆంటీ" అంది.

"బాగున్నావా తల్లీ?"

"బాగున్నానండి."

ఆ 'అండి' విని నాకే కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. కోట్లక్క ఏమడగాలో తెలీక "బడికి వెళ్తున్నావా?" అంది. "వెళ్తున్నానండి" అంది పిల్ల. మూలనున్న ఉద్యోగిని గడియారం చూసుకుంది. ఈ గంట కోసమా ఇన్నాళ్ళూ కోర్టు మెట్లరిగేలా తిరిగింది అని నాకు దేవుడి మీద కూడా కోపమొచ్చింది.

చిట్టి చూపు మెల్లగా పైకి లేచి కోట్లక్క మెడ దగ్గర ఆగింది. అక్కడ టేపు వేళ్ళాడుతోంది. పొద్దున్నే తియ్యమని చెప్పాను, ఆవిడకది ఒంట్లో భాగం, గుర్తే లేదు.

"అది ఆ టేపేనా?" అంది పిల్ల.

"ఆ."

"చివర నేను కొరికాను."

కోట్లక్క టేపు చివర చూపించింది. పంటి గాట్లు అలాగే ఉన్నాయి. పిల్ల దగ్గరికొచ్చి వాటిని వేలితో తడిమింది. నీళ్ళ సీసా నేల మీద పెట్టింది. ఎవరూ చెప్పకుండానే వెనక్కి ఒక అడుగు వేసి, రెండు చేతులూ పైకెత్తి నిలబడింది.

కోట్లక్క కొలతలు తీసింది. ఛాతీ, నడుము, భుజం, పొడుగు. ఒక్కో కొలతా బయటికి చదివింది. రాయడానికి కాగితం లేక నేను పెన్నుతో అరచేతి మీద రాసుకున్నాను. చివర్న మోకాళ్ళ మీద కూర్చుని పాదాల దాకా టేపు వదిలింది.

"లూజు పెట్టు పెద్దమ్మా" అంది చిట్టి పైనుంచి. "పెరిగే పిల్లని."

అని నవ్వింది. కోట్లక్క తలెత్తి ఆ నవ్వు చూసి, "మీ అమ్మ నవ్వే" అంది. "అమ్మకి కూడా నువ్వే కుట్టావా?" అని అడిగింది పిల్ల. "ఈ టేపుతోనే" అంది కోట్లక్క. ఇంకేం చెప్పుకున్నారో నేను వినలేదు, గోడ మీద కుందేలునే చూస్తూ కూర్చున్నాను. వినడానికి నేనెవర్ని?

గంట అయిపోయింది. మరిది గుమ్మంలో నిలబడి "వదినా..." అన్నాడు. చిట్టి సీసా తీసుకుని వెళ్ళింది. వరండా చివరిదాకా తండ్రికి ఏదో చెబుతూనే వెళ్ళింది, చేతులు పైకెత్తి చూపిస్తూ.

మేం కొట్టుకి నడిచొచ్చాం. కోట్లక్క బొటనవేలు టేపు మీదే ఉంది, చిట్టి ఎత్తు దగ్గర. రోడ్డు దాటేటప్పుడు కూడా తియ్యలేదు. కొలతలన్నీ నా అరచేతిలో ఉన్నాయని ఆవిడకి తెలుసు. అయినా తియ్యలేదు. కొట్లోకొచ్చి, పసుపు గౌనున్న సంచి బల్ల కింద పెట్టి, కొత్త గుడ్డ పరిచి, కత్తెర అందుకుని ఆగిపోయింది.

"టైపక్కా, నెలకి ఎంత పెరుగుతుందంటావ్?"

"నీకు తెలీనిది నాకేం తెలుస్తుంది?" అని కసిరాను. నా సగంలోకి వెళ్ళి కూర్చుని, కత్తెర చప్పుడు కోసం చాలాసేపు ఎదురుచూశాను.