అరవై ఆరు పుస్తకాల వరుస

మా అత్తకు చూపు పూర్తిగా పోయిన ఏడాది, ఆమెకు బైబిలు చదివి వినిపించే పని నా మీద పడింది. నేను పుట్టింది చింతామణిలో. ఇంట్లో తెలుగే మాట్లాడినా నా చదువంతా కన్నడంలోనే సాగింది. తెలుగు అక్షరం ఒక్కటీ రాదు. అత్త పుట్టిల్లు కదిరి వైపు. ఆమెకు తెలుగు తప్ప వేరే అక్షరాలు రావు. నా పెళ్లయ్యాక పరగోడులో ఒకే ఇంట్లో ఏడేళ్లు ఉన్నా, ఇది మాకు అడ్డం పడుతుందని ఎన్నడూ అనుకోలేదు.

తన చిన్న కూతురు పోయాక, బాగేపల్లి ప్రార్థన కూటంలో ఎవరో అత్తకు ఆ పుస్తకం ఇచ్చారు. ఇంట్లో ఎవరికీ నచ్చలేదు. అలాగని పోట్లాడనూ లేదు. ఆమె దాన్ని మంచం కింద ట్రంకుపెట్టెలో దాచుకుని, మగవాళ్లు చేనికి పోయాక తీసి చదివేది. పోయిన చూపు ఇక రాదని చిక్కబళ్లాపురంలో కళ్ల డాక్టరు చెప్పినప్పుడు ఆమె ఏడవలేదు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో మాత్రం, "సగంలో ఆగిపోయినాను మా," అంది.

నేను కన్నడ బైబిలు ఒకటి సంపాదించి, కథల పుస్తకంలాగా మొదటి పేజీ నుంచి మొదలుపెట్టాను. మూడో పుస్తకానికి వచ్చేసరికి అన్నీ బలుల నియమాలే. విసుగొచ్చి ఆపేశాను.

"అది ఒక పుస్తకం కాదు మా," అంది అత్త. "అరవై ఆరు పుస్తకాలు ఒక అట్టలో కుట్టినారు. పాత భాగంలో ముందర ఐదు ధర్మశాస్త్రం. వాటెనక రాజుల చరిత్ర, ఆ పైన పాటలు. ప్రవక్తలు కడాన ఉండారు గానీ, శానామంది బతికింది ఆ రాజుల కాలంలోనే. రాజు ఎవురో తెలీకుండా ప్రవక్తను సదివితే ఏమీ అంతుపట్టదు. యేసు కత రెండో భాగంలో వస్తుంది."

ఇదంతా ఆమె ఒక్కతే కూర్చుని పట్టుకుంది.

ఒక మధ్యాహ్నం విలాపవాక్యములు చదవమంది. నా పుస్తకం విషయసూచికలో ఆ పేరు లేదు.

"యిర్మీయా వెనకాలే చూడు," అంది.

అక్కడ 'ప్రలాపగళు' అని ఉంది. పేరు వేరు, వరుస ఒకటే. చదివాను. అంగడి కన్నడం ఆమెకు తెలుసు గానీ, ఆ గ్రంథపు కన్నడం అందలేదు. ఒక్కో వాక్యమే తెలుగు చేసి చెప్పాను.

"ఆ మాట అది కాదు."

ఇంకో రకంగా చెప్పాను.

"కాదు మా." కాసేపటికి, "చాల్లే, నీకు పనుండాది," అని గోడ వైపు తిరిగింది. మళ్లీ ఎన్నడూ చదవమనలేదు.

ఆమెకు చెప్పకుండా తెలుగు నేర్చుకోసాగాను. రెండు విషయసూచికలూ పక్కపక్కన పెట్టుకుని, పేర్లు కలిసిన చోట అక్షరాలు పోల్చుకున్నాను. ఒక పేజీ తడుముకోకుండా చదవగలిగే నాటికి అత్తకు పక్షవాతం వచ్చింది. పక్కన కూర్చుని ఆమె అడిగిన పుస్తకమే తెలుగులో చదివాను. విన్నదో లేదో తెలియదు. నాలుగో రోజు పోయింది.

మా వాళ్లు అన్నీ మా పద్ధతిలోనే చేశారు. తాను పోయినప్పుడు ప్రార్థన చేయించమని అత్త నన్ను ఒకసారి అడిగింది. ఆ మాట నేను ఎవరితోనూ అనలేదు. కూటం నుంచి వచ్చిన ఇద్దరు ఆడవాళ్లు వాకిలి అవతలే కాసేపు నిలబడి, బస్సెక్కి వెళ్లిపోయారు.

ఇప్పుడు ఏ ప్రవక్త ఏ రాజు కాలంవాడో నోటుబుక్కులో రాసుకుంటున్నాను. కొందరి ఎదుట ఖాళీలే మిగిలాయి. నేను చదువుతున్నానని మా ఆయనకు తెలుసు. అయినా ఆయన చేనికి పోయాకే పుస్తకం తీస్తాను.