కట్టుడు పళ్ళకు వందనం

మా మామయ్యకు సిగ్గు లేదు. తిట్టడం కాదు, ఉన్న సంగతి చెబుతున్నాను. కొందరికి పాటలో శ్రుతి తెలియదు, కొందరికి కూరలో ఉప్పు తెలియదు, మామయ్యకు సిగ్గు తెలియదు. ఆయన పడవలసిన సిగ్గంతా నా వాటాకు వచ్చిపడింది.

సైన్యంలో ఆయన పని మందుపాతరలు వెతుకుతూ అందరికంటే ముందు నడవడం. రిటైరయ్యాక కవిత్వం మొదలుపెట్టాడు. శత్రువుల మీద ఎంత కోపం చూపించాడో నాకు తెలియదు గానీ, భాష మీద మాత్రం జాలి చూపించలేదు. చెప్పు మీద రాశాడు. మూత పోయిన సీసా మీద రాశాడు. దేని మీద రాసినా చివర్లో అటెన్షన్‌లో నిలబడి, "నీకు వందనం!" అని సెల్యూట్ కొడతాడు. ఓసారి మా ఆయన ఆఫీసువాళ్ళ ముందు ఇస్త్రీపెట్టెకు సెల్యూట్ కొడితే, నేను వంటింట్లోకి పారిపోయి కుళాయి విప్పుకుని నిలబడ్డాను.

"కాస్త మెల్లగా చదువు మామయ్యా, పక్కింటివాళ్ళు వింటారు."

"వినాలనే కదమ్మాయ్ గట్టిగా చదివేది!"

ఈ గోల ఇంటితో పోయినా బాగుండేది. నేను కాలేజీలో సాహిత్యం చెబుతాను. మా ఊళ్ళో యుద్ధం నుంచి వచ్చిన సైనికులకు ఒక చికిత్సా కేంద్రం ఉంది. అక్కడి డాక్టరమ్మ ఒకరోజు నన్ను పిలిపించి, "నిద్రకు మాత్రలివ్వగలను. నిద్రలో వచ్చేవాటికి నా దగ్గర మాత్రల్లేవు. వీళ్ళచేత ఏదైనా రాయించండి, పైకి చదివించండి" అంది. అలా శనివారం సాయంత్రాలు కవితాపఠనం పెట్టాను.

మొదటి శనివారమే మామయ్య ఇస్త్రీ చొక్కాతో, మెరిసే బూట్లతో, మెలితిప్పిన మీసంతో హాజరయ్యాడు.

"నువ్వెందుకొచ్చావు మామయ్యా?"

"నేను మాత్రం సైనికుణ్ణి కానా?"

ముందుగా ఎవరు చదువుతారని అడిగానో లేదో, లేచి గొంతు సవరించుకున్నాడు.

"ఓ బకెట్టూ! నీకు చెయ్యి ఒక్కటే.
నాకు రెండున్నాయి, ఏం లాభం?
నీళ్ళను నువ్వు మోస్తావు, నిన్ను నేను మోస్తాను,
చివరికి ఇద్దరం తడుస్తాం. నీకు వందనం!"

ఎదురుగా కూర్చున్న వంటమాస్టరుకు యుద్ధంలో ఒక చెయ్యి పోయింది. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. వంటమాస్టరు మాత్రం పగలబడి నవ్వి, ఉన్న చేత్తో బల్ల చరిచి, "దీనికంటే నా రాతే నయం" అంటూ లేచాడు. ఆయన వెనక మరొకరు లేచారు.

ఆ తర్వాత ప్రతి వారం అదే తంతు. మామయ్య సెల్యూట్ కొట్టకుండా సభ మొదలయ్యేది కాదు.

"ఒక్కసారైనా చివర్లో చదవొచ్చుగా?" అని బతిమాలాను.

"చివరిదాకా ఆగితే మర్చిపోతానమ్మాయ్."

"కాగితం మీద రాసుకున్నావు కదా?"

"కళ్ళజోడు ఎక్కడ పెట్టానో మర్చిపోతాను."

అందరూ చదివినా ఒక్క డ్రైవరు మాత్రం చదివేవాడు కాదు. యుద్ధంలో సైన్యం లారీ నడిపిన మనిషి. జేబులో ఎప్పుడూ ఒకే కాగితం, మడిచి మడిచి పాత గుడ్డలా మెత్తబడిపోయింది. పిలిస్తే, "నాది కవిత్వం కాదు మేడమ్, వీళ్ళ ముందు సిగ్గు" అని తల దించుకునేవాడు. అక్కడ ఏం జరిగిందో కట్టుకున్న భార్యకు కూడా చెప్పలేదట.

కేంద్రం వార్షికోత్సవానికి కుటుంబాలను పిలిచారు. నేనొక పెద్ద కవిగారిని ఒప్పించి తీసుకొచ్చాను. డ్రైవరు భార్య వస్తూనే నా చెయ్యి పట్టుకుంది. "ఇవాళ చదువుతానన్నాడమ్మా. నన్ను ఎదురుగా కూర్చోమన్నాడు. ఇంట్లో అడిగితే లేచి వెళ్ళిపోతాడు. ఇక్కడైనా నోరు విప్పితే చాలు."

ఆ ఉదయమే మామయ్య కట్టుడు పళ్ళు కడుగుతుంటే జారి రెండు ముక్కలయ్యాయి. అప్పుడు జరిగింది వింత. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి మామయ్యకు సిగ్గేసింది! రుమాలుతో నోరు కప్పుకుని, వెనక వరసలో గోడకు ఆనుకుని కూర్చున్నాడు. "ఈ మొహంతో నేను ఛదవలేనమ్మాయ్" అన్నాడు, మాట కంటే గాలి ఎక్కువగా.

"అయ్యో పాపం" అన్నాను. లోపల మాత్రం, కవిగారి ముందు పరువు దక్కింది కదా అని ఎగిరి గంతేశాను.

మామయ్య చదవనన్నాడు కనక కవిగారు ముందు చదివారు. గొప్ప కవిత, గొప్ప గొంతు.

"ఇప్పుడు మనవాళ్ళు" అన్నాను.

ఎవరూ కదల్లేదు. వంటమాస్టరు తనకు గొంతు పట్టేసిందన్నాడు. ఆయన పక్కాయన పైకప్పులో ఫ్యాను చూస్తున్నాడు. డ్రైవరు కాగితం బయటికి తీశాడు, కవిగారి వైపు చూశాడు, మళ్ళీ మడిచాడు. భార్య మొహం చూడకుండా లేచి తలుపు వైపు నడిచాడు. ఆమె తల వంచుకుంది.

వెనక కుర్చీ కిర్రుమంది. మామయ్య రుమాలు జేబులో పెట్టుకుని మైకు దగ్గరికి వస్తున్నాడు. బుగ్గలు లోపలికి పోయాయి, మీసం ఆధారం లేక వేలాడుతోంది, చెవులు ఎర్రగా కందిపోయాయి. ఒక మనిషి అంత సిగ్గుపడుతూ నడవడం నేనెప్పుడూ చూడలేదు. అయినా ఆగలేదు.

"ఓ కట్టుడు ఫళ్ళూ!
ఇన్నాళ్ళూ నా నోట్లో ఉండి నా తిండే తిన్నారు,
ఛమయానికి రెండు ముక్కలయ్యారు.
ఫర్లేదు, నాకు ఛిగుళ్ళున్నాయి. మీకు వందనం!"

అటెన్షన్. సెల్యూట్. కవిగారు కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, కవితకు కరిగి కాదు, ముందు వరసలో కూర్చుని తుంపర్లు పడ్డందుకు.

హాలు గొల్లుమంది. "గొంతు వచ్చేసింది మేడమ్!" అని వంటమాస్టరు అరిచాడు. తలుపు దగ్గర డ్రైవరు ద్వారబంధం పట్టుకుని వంగిపోయి నవ్వుతున్నాడు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని వెనక్కి వచ్చాడు. "సారే చదివాక ఇంక నాకేం సిగ్గు?" అంటూ కాగితం విప్పాడు.

"లారీ నడిపేవాడు అద్దం చూసుకుంటూ ఉండాలి,
వెనక స్నేహితుడి లారీ వస్తోందా అని.
మలుపుకు ముందు చూశాను, వస్తోంది.
మలుపు తిరిగాక చూశాను, ఉత్త దారి ఉంది.
ఇంట్లో అద్దం నేనే తీసేశాను."

ఆయన భార్య లేచి వెళ్ళి పక్కన నిలబడింది. "ఇదా? ఇది చెప్పడానికా ఇన్నాళ్ళు?" అని మెల్లగా అడిగింది. ఆయన తలూపాడు. ఇద్దరూ వచ్చి పక్కపక్కన కూర్చున్నారు.

సభ అయ్యాక కుర్చీలు సర్దుతూ వంటమాస్టరు అన్నాడు: "మీ మామయ్యగారు ప్రతి కవితా ముందు నాకే వినిపిస్తారు మేడమ్. బకెట్టు చెయ్యి కూడా ముందురోజే వచ్చి నన్నడిగి రాశారు. నేను పొరపాటున ఏ లైనైనా బాగుందన్నాననుకోండి, వెంటనే కొట్టేస్తారు."

"బాగుంటే కొట్టేయడమేమిటి?"

"'ఇది బాగుంటే వెనకవాడు లేవడురా' అంటారు."

నలుగురిలో తల ఎత్తుకోలేక వంటింట్లో దాక్కున్నది ఈ మనిషిని చూసా! తిన్నగా మామయ్య దగ్గరికి వెళ్ళాను. రుమాలు మళ్ళీ నోటికి అడ్డం పెట్టుకుని కూర్చున్నాడు.

"మామయ్యా, ఇన్నాళ్ళూ నిన్ను చూసి సిగ్గుపడ్డాను."

"మంఛిదే కదా" అన్నాడు. "ఆ పని నువ్వు ఛూసుకోబట్టే నాకు తీరిక దొరికింది."

మరుసటి శనివారానికి కొత్త పళ్ళు ఇంకా రాలేదు. ఎవరు ముందు చదువుతారని అడగలేదు. నేనే లేచాను. ఇన్నేళ్ళుగా పిల్లలకు కవిత్వం చెబుతున్నాను గానీ, సొంతంగా రాసింది నలుగురి ముందు చదవడం అదే మొదలు. ఒకే లైను రెండుసార్లు చదివాను. చదివేసి తలెత్తితే అందరూ చాలా మర్యాదగా నేల చూస్తున్నారు.

"పర్లేదు మేడమ్" అన్నాడు డ్రైవరు ఓదార్పుగా. "మొదట్లో మాకూ ఇలాగే ఉండేది."

మామయ్య రుమాలు పక్కన పెట్టి లేచాడు. బకెట్టుకు కొట్టినట్టే నాకూ ఒక సెల్యూట్ కొట్టాడు.