స్టార్టర్ డబ్బా మీద రెండు దెబ్బలు

ఎవరైనా దెయ్యాల ముచ్చట మొదలుపెడితే విసుక్కుని లేచిపోయే రకాన్ని నేను. ఇప్పటికీ దెయ్యం అనడం లేదు. జరిగింది జరిగినట్టు చెబుతాను, అంతే.

మార్కాపురంలో ఇంట్లోనే కూర్చుని ఒక కంపెనీకి చిన్న చిప్పుల కోసం సి భాషలో డ్రైవర్లు రాస్తుంటాను. "డ్రైవరంటే లారీకా, బస్సుకా?" అని చుట్టాలు ఆటపట్టిస్తారు. చిప్పుకు కాళ్లుంటాయి. ఏ కాలికి ఎప్పుడు కరెంటు ఇవ్వాలో, ఎప్పుడు ఆపాలో చెప్పే కోడునే డ్రైవర్ అంటాం. చెప్పింది చేస్తుంది, చెప్పనిది చచ్చినా చేయదు. అందుకే నాకు మనుషులకంటే చిప్పుల మీదే నమ్మకం.

మా పెదనాయన గుండె ఆగి పోయాక, పుల్లలచెరువు వైపున్న బత్తాయి తోట పెద్దమ్మ ఒక్కదాని మీద పడింది. ఏ పనికైనా తెగిస్తుంది గానీ మోటారు స్టార్టర్ అంటే ఆమెకు వణుకు. పెదనాయన ముట్టనిచ్చేవాడు కాదు. లోపల బల్లులు దూరతాయని, పచ్చ బటన్ నొక్కే ముందు డబ్బాను వేలి కణుపులతో రెండుసార్లు కొట్టేవాడు. ఆ చప్పుడు వినగానే పెద్దమ్మ వెనక్కి జరిగేది. కాపురమంతా అదే అలవాటు. ఇప్పుడేమో చెట్లు వాడిపోతున్నాయి, ఆమె డబ్బా వంక చూసి ఏడుస్తోంది.

ఫోన్ చేస్తే మోటారు ఆన్ అయ్యేలా చిన్న బోర్డు చేసిచ్చాను. దాని మీద రిలే అనే స్విచ్చు ఉంటుంది. ఆన్ అయ్యేటప్పుడు టక్కుమంటుంది, ఒక్కసారే. మా ఇంట్లో బల్ల మీద అలాగే అంది. తోటలో బిగిస్తే రెండుసార్లు అంటోంది!

కోడంతా మళ్లీ చదివాను. చిప్పు కాలికి చిన్న లైటు కట్టి చూశాను. లైటు ఒక్కసారే వెలిగింది, చప్పుడు మాత్రం రెండు. రిలే మార్చినా అంతే. ఇంటికి తెస్తే ఒకటి, తోటకు తీసుకెళ్తే రెండు. నాకు ఒళ్లు మండిపోయింది. పెద్దమ్మ మాత్రం, పెదనాయన పోయాక మొదటిసారి, నవ్వింది.

"మీ పెదనాయన కొడతన్నాడులే పాపా. అట్లనే ఉండనీ."

నేను వింటేనా! ఒక మధ్యాహ్నం మళ్లీ వెళ్లాను. కరెంటు లేదు. బోర్డుకు బ్యాటరీ కూడా లేదు. వైర్లన్నీ పీకేసి, దాన్ని ఒళ్లో పెట్టుకుని మోటారు షెడ్డు గడపలో కూర్చున్నాను. కరెంటు లేదు కదా అని స్తంభం దగ్గర ఫ్యూజులు తీయలేదు. మా వైపు అందరూ చేసే పనే అది. స్తంభం నుంచి వచ్చే వైరును ఎలుకలు కొరికి రాగి బయటపడింది. కరెంటు లేదన్న ధైర్యంతో, టేపు చుడతానని పెద్దమ్మ తడి నేల మీద నిలబడి చెయ్యి చాపింది.

నా ఒళ్లో టక్, టక్.

విన్నాను. అరచేతికి కదలిక కూడా తెలిసింది.

పెద్దమ్మ అలవాటుకొద్దీ వెనక్కి జరిగింది. ఆ క్షణంలోనే కరెంటు వచ్చింది. గాలికి ఊగిన వైరు షెడ్డు రేకుకు తగిలి నిప్పులు చిమ్మింది.

"వచ్చినాడే పాపా, మీ పెదనాయన వచ్చినాడు" అంటూ ఆమె అక్కడే కూలబడి ఏడ్చింది. నేనూ ఆమెను పట్టుకుని ఏడ్చాను. ఏం వాదించను? ఆ బోర్డు నా చేతిలోనే ఉంది.

తర్వాత ఫ్యూజులు తీయించి వైరు కొత్తది వేయించాను. బోర్డు మళ్లీ బిగించాను. తోట కోలుకుంది. కానీ ఆ రోజు నుంచి రిలే ఒక్కసారే టక్కుమంటోంది. కోడులో నేను ఒక్క అక్షరం మార్చలేదు.

మొన్న పెద్దమ్మ ఫోన్ చేసింది.

"రెండోది రావడంలేదేంది పాపా? ఏమన్నా తీసేసినావా?"

రెండోసారి కొట్టించడం పెద్ద పనేం కాదు, కొంచెం కోడు రాస్తే చాలు. రాశాను కూడా. బోర్డులోకి ఎక్కించడానికి మాత్రం చేతులు రాలేదు.

"నేనేం తీయలేదు పెద్దమ్మా" అన్నాను.