కేకు మీద భీమిలి తెల్లవారింది

సరోజినీ నగర్ గవర్నమెంటు క్వార్టర్లలో ఎవరింట పుట్టినరోజు వచ్చినా ముందు కస్తూరి తలుపే తట్టేవారు. తెనాలి నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో ఆమెకు హిందీలో పది ముక్కలు కూడా రావు. పక్కింటి పంజాబీ ఆంటీ దగ్గర, గుండ్రటి అల్యూమినియం ఒవెన్ ముందు కూర్చుని కేకులూ హిందీ కలిపే నేర్చుకుంది.

1996 మార్చిలో ఒకరోజు భర్త రంగనాథ్ ఆఫీసు నుంచి వస్తూనే చెప్పాడు.

"మా సెక్షన్ ఆఫీసరు పద్మనాభం గారు వచ్చే నెల రిటైరవుతున్నారు. కేకు నువ్వే చెయ్యాలట. ఎప్పుడూ చేసేలా కాకుండా, కాస్త ప్రత్యేకంగా."

"ఆయనది ఏ ఊరండీ?"

"భీమిలి. ముప్ఫై ఏళ్ళ నుంచి ఢిల్లీలో ఉన్నా, టీ తాగేటప్పుడు ఆ సముద్రం కబుర్లే."

ఆ మాటతోనే కస్తూరికి కేకు కళ్ళకు కట్టింది. కింద ఇసుక, నడుమ నీళ్ళు, పైన తెల్లవారుతున్న ఆకాశం. పువ్వులైతే క్రీము సంచీతో అలవోకగా వేసేది. ఆకాశం అలా కాదు. నారింజ రంగు గులాబీలోకి, గులాబీ నీలంలోకి గీత కనపడకుండా కరిగిపోవాలి. దానికి గాలితో రంగు చిమ్మే ఎయిర్‌బ్రష్ కావాలి. పెద్ద హోటళ్ళ వాళ్ళు వాడతారని పత్రికలో చదివింది.

కాలనీ మార్కెట్లో బేకరీ నడిపే చోప్డాను అడిగితే నవ్వాడు. "బహెన్‌జీ, అది ఇంట్లో ఆడుకునే వస్తువు కాదు."

కస్తూరి శనివారం బస్సెక్కి, చాందినీ చౌక్ దాటి నయీ సడక్‌లో బొమ్మలు వేసేవాళ్ళ సామాను అమ్మే కొట్టుకు వెళ్ళింది. చేతిసంచిలో నీళ్ళ సీసా, మిఠాయి రంగు, ఒక బిస్కట్ ప్యాకెట్టు.

కొట్టాయన మూడు బ్రష్‌లు ముందు పెట్టాడు. మొదటిది జపాన్‌ది. చేతిలో పెన్నులా ఒదిగింది కానీ, రంగనాథ్ నెల జీతం మొత్తం పెట్టినా చాలదు. రెండోది అన్నిటికన్నా చవక. కింద వేలాడే సీసా నిండా రంగు పోస్తే గానీ పని చెయ్యదు. పైగా దాని లోపలి పూత పెచ్చులు లేస్తోంది. కస్తూరి దాన్ని వెంటనే పక్కకు జరిపేసింది. మూడోది మన దేశంలోనే తయారైంది. పైన చిన్న స్టీలు గిన్నె, రంగు ఎంత రావాలో సరిచూసుకోవడానికి వెనక ఒక మర.

"దీన్ని విప్పి చూపించండి," అంది హిందీలో.

"విప్పడం దేనికి?"

"తినేదాని మీద వాడతాను భయ్యా. రోజూ విప్పి కడగడం కుదరకపోతే నాకు వద్దు."

ఆయన విప్పాడు. సూది, మూతి, గిన్నె దేనికది విడిగా వచ్చాయి. కస్తూరి తనే మళ్ళీ బిగించి, గిన్నెలో నాలుగు చుక్కల రంగు వేసి, కొట్టులోని గాలి మిషన్‌కు తగిలించి, బిస్కట్ మీద చిమ్మింది. అంచున ఎర్రగా మొదలై మధ్యకొచ్చేసరికి పలచబడింది. కొట్టాయన బిస్కట్ చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పి చూశాడు. "ఠీక్ హై," అన్నాడు చివరికి. "నలభై ఏళ్ళుగా అమ్ముతున్నాను, బిస్కట్ మీద చూడ్డం ఇదే మొదలు."

బ్రష్ దొరికింది, గాలే సరిగ్గా కుదరలేదు. రంగనాథ్ స్కూటర్లకు రంగులు కొట్టే మెకానిక్ దగ్గర కంప్రెసర్ అడిగి తెచ్చాడు. పై బ్లాకులో పాప పుట్టినరోజు కేకు మీద దాంతో లేత గులాబీ రంగు చిమ్మారు. చూడ్డానికి ముచ్చటగానే ఉంది. కానీ కస్తూరి వంగి వాసన చూసి ముఖం చిట్లించింది.

"నూనె కంపు కొడుతోందండీ."

"నాకేం తెలియట్లేదే!"

"నాకు తెలుస్తోంది కదా. పసిపిల్ల తినేది. ఇవ్వను."

ఆ కేకు పారేసి, అప్పటికప్పుడు మరొకటి చేసి, మామూలు క్రీము పువ్వులతో పంపింది.

ఫరీదాబాద్ ఫ్యాక్టరీలో పనిచేసే కోటయ్య రంగనాథ్‌కు చిన్ననాటి స్నేహితుడు. సంగతి విని, "అక్కా, ఆ మిషన్లో నూనె ఉంటది, అది గాలిలో కలిసి వస్తది," అన్నాడు. "ఆస్పత్రుల్లో ఆయాసం వచ్చినోళ్ళకు మందు పట్టే మిషన్ చూశావా? దాంట్లో నూనె ఉండదు. అట్టాంటి పంపు మా దగ్గర కొత్తది చేయిస్తా." రెండు వారాల్లో తనే మోసుకొచ్చి బిగించి వెళ్ళాడు. గాలి మెల్లగా వచ్చేది. కస్తూరి రంగును పలచన చేసి, పలచటి గుడ్డలో వడకట్టి, పొర మీద పొర వెయ్యడం సాధన చేసింది. ఆ నెలంతా కూతురు రేవతి టిఫిన్ డబ్బాలో రంగురంగుల బిస్కట్లే.

రిటైర్మెంటు రోజున ఆఫీసు హాల్లో కేకు మీద మూత తీశారు. పద్మనాభం గారు కళ్ళజోడు తుడుచుకుని దగ్గరగా వంగారు.

"లైట్‌హౌసు కూడానా! ఎప్పుడైనా వెళ్ళావా అమ్మా?"

"లేదండీ. మీరు చెప్పిన కబుర్లన్నీ మావారు ఇంటికొచ్చి నాకు చెబుతుంటారు."

ఆయన కత్తి పట్టుకుని, ఆకాశం కొయ్యడానికి చెయ్యి రాక, ఇసుక వైపు నుంచి చిన్న ముక్క కోశారు. అందరూ చప్పట్లు కొడుతుంటే, వెనక వరుసలో నిలబడ్డ రంగనాథ్ పక్కాయనతో, "మా ఆవిడే," అన్నాడు. ఆయనకు ఆ సంగతి ముందే తెలిసినా, మళ్ళీ చెప్పాడు.

వారం తిరక్కుండానే చోప్డా క్వార్టరుకు వచ్చాడు. "బహెన్‌జీ, మా బేకరీలో పనికి రండి. మంచి జీతం ఇస్తాను."

"పనికి రాను," అంది కస్తూరి. "కావాలంటే మీ వాళ్ళకు నేర్పడానికి వస్తాను. వారానికి రెండు రోజులు."

చోప్డా ఒప్పుకున్నాడు. సోమవారం ఉదయం ఆమె వెంకటగిరి చీర కట్టుకుని, బ్రష్ పెట్టె పట్టుకుని బేకరీలో అడుగుపెట్టింది. పిండి చేతులతోనే కేకులు చేసే ఇద్దరు ముసలి కారీగర్లు లేచి నిలబడి నమస్తే చెప్పారు. కస్తూరి వాళ్ళకు తిరిగి నమస్కరించి, కొంగు నడుముకు దోపి, "ముందు దీన్ని విప్పి కడగడం నేర్చుకుందాం," అంది.