బెల్టు మీద ఆముదం

మా చిన్నప్పుడు ఆదివారం చర్చి నుంచి రాగానే ఇంట్లో కిర్రుమనే ప్రతిదానికీ నూనె పడేది... తలుపు బందులకు, సైకిల్ గొలుసుకు, అమ్మ కుట్టు మిషనుకు, చివరికి తమ్ముడి ఊయల గొలుసులకు కూడా.

నాన్న లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. "ఇనుము ఏడిస్తే నూనె అడుగుతోందని అర్థంరా" అనేవారు. అమ్మ ఆముదంలో కాస్త కిరసనాయిలు కలిపి, సీసాలో పోసి గూట్లో పెట్టేది. ఆ వాసన మా ఇంట్లో తప్ప ఇంకెక్కడా ఉండేది కాదు.

మా క్వార్టరు గోడ అవతలే బడి. బడి మైదానంలో గడ్డి కోయడానికి ఒక చిన్న ట్రాక్టరు ఉండేది. ఎవరో దొరలు దేశం వదిలి వెళ్తూ ఇచ్చిపోయిన పాత బండి. దాన్ని నడిపేది తోటమాలి ఎల్లయ్య. బడి వెనక రేకుల గదిలో భార్యాబిడ్డలతో ఉండేవాడు. సాయంత్రం పూట నన్ను సీటు మీద కూర్చోబెట్టి, "స్టీరింగ్ ముట్టు... గేరు ముట్టినవంటే మీ నాయినకు చెప్త బిడ్డా" అని నవ్వేవాడు.

ఒక శనివారం ఆ బండి కీచుమని అరవడం మొదలుపెట్టింది. ఇంజను బలాన్ని గేరుబాక్సుకు అందించే రబ్బరు బెల్టు అరుపు అది. ఎల్లయ్య బండి ఆపి అన్నానికి వెళ్ళాడు. నేను గోడ దూకి ఇంటికి పోయి సీసా తెచ్చాను... బెల్టు తడిసేదాకా పోశాను. ఫిట్టరు కొడుకును కదా! మెచ్చుకుంటారనుకున్నాను. అంతలో అమ్మ పిలిస్తే వెళ్ళిపోయాను.

సోమవారం... ఆటల పోటీలు దగ్గరపడ్డాయి, మైదానం నిండా గడ్డి. బండి అడుగు కదల్లేదు.

బడి పెద్ద కరస్పాండెంట్ గారు ఊగిపోతూ వచ్చారు. "తాగి నడిపావు కదరా? గేరుబాక్సు పగలగొట్టావు!"

"నా బిడ్డ మీద ఒట్టు సార్. ఇంజన్ గుర్రుమంటున్నది, బండే కదుల్తలేదు. జెర ఎవలికన్న చూపియ్యుండ్రి."

నాన్నను పిలిపించారు. డ్యూటీ దిగి ఖాకీ బట్టలతోనే వచ్చారు. ముందు హ్యాండ్ బ్రేకు వదిలి ఉందో లేదో చూశారు. తర్వాత క్లచ్ పెడలు. వెనక భాగాన్ని జాకీ మీద లేపి, గేరు వేసి, ఒక చక్రాన్ని కదలకుండా పట్టుకోమని ఎల్లయ్యకు చెప్పి రెండోదాన్ని తిప్పారు. గేరుబాక్సు మీద బెల్టు తగిలించే పుల్లీ చక్కగా తిరిగింది.

"గేరుబాక్సు బంగారంలా ఉంది సార్" అన్నారు.

ఎల్లయ్య ముఖం వెలిగిపోయింది. "నేను చెప్పలే సార్!"

నాన్న వంగి బెల్టు మీద వేలు రాశారు. ముక్కు దగ్గర పెట్టుకున్నారు. తల ఎత్తి నన్ను చూశారు... ఒక్క క్షణం. అంతే.

"బెల్టు మీద నూనె ఉంది సార్. అందుకే జారుతోంది."

"నూనె పోసేంత తెలివితక్కువవాడు ఎవడయ్యా? బండి దగ్గరుండేది వీడొక్కడే!"

ఎల్లయ్య నా వైపు తిరిగాడు. "బాబు రోజు నాతోటే ఉంటడు సార్, అడుగుండ్రి. చెప్పు బిడ్డా... నేనెన్నడన్న బెల్టుకు నూనె పోసిన్నా? తాగి బండెక్కిన్నా?"

అందరూ నన్నే చూస్తున్నారు.

"నాకు తెలీదు సార్" అన్నాను.

నాన్న నా మీంచి చూపు తిప్పుకుని బెల్టు మీదికి వంగారు. ఆ బడిలో నా చదువు కరస్పాండెంట్ గారి దయ మీద నడుస్తోంది. నాన్న దాన్ని పెట్రోలుతో తుడిచి, ఆరనిచ్చి, క్లాసులోంచి సుద్దముక్కలు తెప్పించి పొడి చేసి రుద్దారు. బండి కదిలింది. పిల్లలు చప్పట్లు కొట్టారు... నేను కూడా కొట్టాను.

వారం తిరక్కుండా రేకుల గది ఖాళీ అయింది. మౌలాలి వైపు వెళ్ళారని విన్నాం.

నాన్న నన్ను కొట్టలేదు, తిట్టలేదు. కానీ ఆ ఆదివారం చర్చి నుంచి వచ్చాక గూట్లోని సీసా ముట్టుకోలేదు. ఆ తర్వాత ఎప్పుడూ ముట్టుకోలేదు. మా ఇంటి తలుపులు ఏళ్ళ తరబడి కిర్రుమంటూనే ఉన్నాయి...

పోయిన వారం, చిన్ననాటి కబుర్లు రాసుకునే ఈ గ్రూపులో ఎవరో ఆ కరస్పాండెంట్ గారి దయాగుణం గురించి రాస్తే ఒళ్ళు మండింది. సరిగా విచారించకుండానే ఒక కుటుంబాన్ని రోడ్డున పడేసిన దయ అది! ఆ మాట రాయడానికే ఇవాళ కూర్చున్నాను. పాత విద్యార్థులు కలిసినప్పుడల్లా ఈ కథ చెప్పి ఆయన్ను తిట్టిపోసినవాణ్ణే. ప్రతిసారీ సీసా సంగతి దాటేశాను. ఇంటినిండా పుస్తకాలున్నాయి... ఎవరి పిరికితనాన్నయినా పేజీ నంబరుతో సహా చెప్పగలను. ఇదొక్కటి చెప్పడానికి మాత్రం ముసలితనం దాకా ఆగాను.

ఇప్పుడా మైదానంలో అపార్టుమెంట్లు. గడ్డీ లేదు, కోసే బండీ లేదు.

మీ చిన్నప్పటి సంగతులు మీరూ రాయండి... తీపివే రాయనక్కర్లేదు. మౌలాలి వైపువాళ్ళు ఎవరైనా దీన్ని చదివితే ఒక్క సాయం చేయండి. "మా తాత ఎల్లయ్య ఒక బడిలో గడ్డి ట్రాక్టరు నడిపేవాడు, ఏదో తప్పు చేస్తే తీసేశారట" అని ఎవరింట్లోనైనా చెప్పుకుంటుంటే... ఆయన తాగలేదని, బెల్టు మీద నూనె పోయలేదని వాళ్ళకు చెప్పండి.

పోసింది నేను.